సిజేరియన్ తర్వాత పది రోజులు

బ్రిటన్‌లో 2003–05 మధ్య మూడేళ్ళలో 41 మంది గర్భిణులు, బాలింతలు సిరల్లో రక్తం గడ్డకట్టి చనిపోయారు. తర్వాతి మూడేళ్ళలో ఆ సంఖ్య 18కి తగ్గింది. అందుకోసం అక్కడి వైద్యులు కొత్త మందేమీ కనిపెట్టలేదు. రక్తం పలచబరిచే హెపారిన్ రకం ఇంజెక్షన్లు అప్పటికే ఉన్నాయి. అవి ఎవరికి ఇవ్వాలో అక్కడి ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 1995లో సిజేరియన్ గురించి, 2004లో గర్భిణుల గురించి, మామూలు కాన్పు గురించి రాసిపెట్టింది.

ఆ కాలేజీ 2015 నాటి పద్ధతిలో కాన్పయిన ప్రతి స్త్రీకీ మార్కులు వేస్తారు. నొప్పులు మొదలయ్యాక సిజేరియన్ చేస్తే రెండు, ముందే అనుకుని చేస్తే ఒకటి. వయసు 35 దాటినా, కాళ్ళలో నరాలు బాగా ఉబ్బి ఉన్నా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒక్కో మార్కు కలుస్తుంది. ఇన్ఫెక్షన్‌ను లెక్కలో చేర్చడానికి కారణముంది: ఒంట్లో తాపం, వాపు పెరిగినప్పుడు రక్తం త్వరగా గడ్డకడుతుంది. మొత్తం రెండు మార్కులు, అంతకంటే ఎక్కువైతే కనీసం పది రోజులు, ముప్పు మరీ ఎక్కువైతే ఆరు వారాలు ఇంజెక్షన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. బరువు 50–90 కిలోలుంటే రోజుకు 40 మిల్లీగ్రాముల ఎనాక్సాపరిన్ అనే హెపారిన్ రకం ఇంజెక్షన్. దాన్ని పొట్ట మీద తనే పొడుచుకోవడం నర్సు నేర్పి, వాడిన సూదులు వేసే డబ్బా చేతికిచ్చి ఇంటికి పంపుతుంది.

మన దగ్గర 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఈ ఇంజెక్షన్లు తయారుచేసి ఎగుమతి చేసే కంపెనీ హైదరాబాద్‌లోనే ఉంది. మన వైద్యులకూ ఈ ముప్పు సంగతి తెలుసు. అయినా ముప్పు లెక్క చాలాచోట్ల డాక్టరు మనసులోనే ఉంటుంది, కాగితం మీదికి రాదు. ఇంట్లో అందరి దృష్టీ కుట్ల మీదే. పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెడతారు, నీళ్ళు తగ్గిస్తారు, మంచం దిగనివ్వరు. అదంతా ప్రేమతోనే చేస్తారు. కానీ ఒంట్లో నీరు తగ్గడం, కదలకపోవడం రక్తం గడ్డకట్టడానికి దారితీసేవే. రెండు కాళ్ళూ కొద్దిగా వాచడం మామూలే కావచ్చు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పెడితే అది వేరే సంగతి, సిరలో గడ్డ కావచ్చు. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్ర గడ్డను ఆపదు, పైగా ఇంజెక్షన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెంచుతుంది.

మార్కుల కాగితానికి పెద్ద ఖర్చు లేదు. డిశ్చార్జి చీటీలో తెలుగులో మూడు వాక్యాలు చేర్చవచ్చు: ఇంజెక్షన్ అవసరమా, అవసరమైతే ఏ తేదీ వరకు; ఏ నొప్పి మాత్ర వాడకూడదు; ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా ఏ నంబరుకు ఫోన్ చేయాలి.