ఈ ఫైలు ఏ సంచిలోది?

"లేదు" అన్నంత సులభమైన మాట మన భాషలో మరొకటి లేదు. లినక్సులో తెలుగు లేదు, ఉన్నా మంచి ఫాంటు లేదు, ఫాంటు ఉన్నా అది ఎక్కడ దొరుకుతుందో చెప్పే నాథుడు లేడు. ఇలా తీర్పులిచ్చే పెద్దలను ఒక్కటే ప్రశ్న అడగాలని ఉంది: అయ్యా, తమరు ఎక్కడ వెదికారు?

ఈ ప్రశ్నకు మా ప్రాంతంలో ఒక చరిత్ర ఉన్నది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు సున్న అని ఒక పండితుడు తేల్చివేసినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను తెచ్చి ముందు పెట్టారు. లేరన్న మాటకు పట్టికే జవాబైంది. ఆ పండితునికి దురుద్దేశం ఉండనవసరం లేదు. తన ఇంట్లో ఉన్న పుస్తకాలలో వెదికి, దేశంలో లేదన్నాడు. కంప్యూటరు ముందు కూర్చున్న మనం నిత్యం చేస్తున్నదీ అదే.

విషయానికి వస్తాను. ఆదేశాలను పలికినట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం వాటిని రోమన్ అక్షరాలతోనే కొట్టాలి.

డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థలలో ప్రతి ప్యాకేజీ ఒక సంచి. అందులో ఫైళ్ళు ఉంటాయి. ఆ సంచికి పేరు, సంచిక సంఖ్య, బాధ్యుడు, లైసెన్సు ఉంటాయి. ఒక ఫైలు ఏ సంచి నుండి వచ్చిందో తెలుసుకోవడానికి 'డీపీకేజీ -ఎస్' అనే ఆదేశం ఉన్నది (ఎస్ పెద్దక్షరం). దాని పక్కన పోతన2000 అని ఫాంటు ఫైలు పేరు ఇస్తే, ఆ ఫాంటు స్థాపితమై ఉన్న యంత్రంలో 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీ పేరూ, ఫైలు ఉన్న పూర్తి త్రోవా చూపుతుంది. ఈ ఆదేశం స్థాపితమైన ప్యాకేజీల ఫైళ్ళ జాబితాలను మాత్రమే చదువుతుంది. అందువల్ల మీ యంత్రంలో లేని ప్యాకేజీ గురించి దానికేమీ తెలియదు. అటువంటి త్రోవ కనబడలేదని చెప్పి ఊరుకుంటుంది. దాని పరిధిలో అది సత్యమే. ఆ సత్యాన్ని పట్టుకొని లోకంలోనే లేదనడం మన తొందరపాటు.

లోకంలో వెదకడానికి వేరే పనిముట్టు ఉన్నది: 'ఆప్ట్-ఫైల్'. ముందు దానిని స్థాపించుకోవాలి, తరువాత ఒకసారి 'ఆప్ట్-ఫైల్ అప్‌డేట్' నడపాలి. భాండాగారం తనలోని ప్యాకేజీలన్నిటిలో ఏ ఫైలు ఎక్కడున్నదో చెప్పే 'కంటెంట్స్' అనే సూచికను తానే ప్రకటిస్తుంది. అప్‌డేట్ ఆ సూచికను దింపుతుంది. ఆ పైన 'ఆప్ట్-ఫైల్ సెర్చ్' అని ఫైలు పేరు ఇస్తే, మీ యంత్రంలో ఉన్నా లేకపోయినా, ఆ ఫైలు గల ప్యాకేజీల పేర్లన్నీ వరుసగా వస్తాయి. ఫెడోరా వారికి ఇవే రెండు ప్రశ్నలు 'ఆర్పీఎం -క్యూఎఫ్', 'డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్'. ఆర్చ్ వారికి 'పాక్‌మన్ -క్యూఓ', 'పాక్‌మన్ -ఎఫ్'. మొదటిది ఇంటిని అడుగుతుంది, రెండవది ఊరిని అడుగుతుంది.

ఇదంతా ఎందుకు, గూగులమ్మను అడిగితే ఫాంటు దొరకదా అంటారు. దొరుకుతుంది. ఎవరి గూటినుండో ఒక జిప్ ఫైలు దొరుకుతుంది. అందులో ఉన్నది అసలు ఫాంటో, ఎవరైనా చెయ్యి పెట్టినదో, పదేళ్ళ కిందటిదో చెప్పేవారుండరు. నల్లగొండలో నేను చూసిన ఒక ప్రయోగశాలలో తెలుగు ఫాంట్లన్నీ పెన్‌డ్రైవు మీదనే ఊరేగుతుంటాయి. ఒక యంత్రంలో కుదిరిన అక్షరం పక్క యంత్రంలో చెదిరితే కారణం చెప్పగలవారు లేరు. తప్పు ఎవరికి నివేదించాలో తెలియదు. పిల్లలు మాత్రం తెలుగుతో వచ్చిన చిక్కే ఇదంతా అనుకొని ఇంగ్లీషుకు మళ్ళుతారు. అనాథ ఫైలు చేసిన పాపం భాష నెత్తిన పడుతున్నది. నా అభ్యంతరమంతా అక్కడే.

మా పల్లెల్లో కొత్త మనిషి కనబడితే అడిగే మొదటి మాట "ఏ ఊరు బిడ్డా మీది?" అని. అందులో అవమానం లేదు. మంచికీ చెడుకూ ఎవరికి కబురు చేయాలో తెలుసుకోవడమే అందులోని ఉద్దేశం. ఫైలును ఏ ప్యాకేజీదని అడగడమూ అంతే. సంచి పేరు తెలిస్తే 'యూఎస్ఆర్', 'షేర్', 'డాక్' సంచయాల వెంట వెళ్ళి ఆ ప్యాకేజీ పేరున్న చోట కాపీరైట్ ఫైలు చదవవచ్చు. పోతన, వేమన ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించారనీ, వాటిని జీపీఎల్ కింద అందరికీ విడిచిపెట్టారనీ ఎందరికి తెలుసు? ఆ అక్షరాలతో ఏళ్ళ తరబడి రాసి, చదివి, ఆ పేరు తెలియకపోవడం మర్యాద కాదు. పెన్‌డ్రైవు ఫాంటునిస్తుంది, పేరును రాల్చివేస్తుంది.

సామాన్యులకు ఆదేశపంక్తి కష్టమన్న వాదన మరొకటి. ఈ మాట తెలుగు బ్లాగరి అనకూడదు. చిన్న ఎన్ కొడితే 'న', పెద్ద ఎన్ కొడితే 'ణ' అని ఆర్టీఎస్ మొత్తం కంఠస్థం చేసినవారం మనం. ఒక్క పంక్తి కొట్టలేమా? అదే మెలకువ ఇక్కడా పనికివస్తుంది. 'డీపీకేజీ -ఎస్' పెద్ద, చిన్న అక్షరాలను వేరుగా చూస్తుంది. ఆప్ట్-ఫైలుకు చిన్న '-ఐ' తగిలిస్తే ఆ తేడాను పట్టించుకోదు.

ఈ పనిముట్లకు హద్దులు లేవని అనను. స్థాపన సమయంలో స్క్రిప్టులు సృష్టించిన ఫైళ్ళు డీపీకేజీ జాబితాలో ఉండవు. 'ఆల్టర్నేటివ్స్' ద్వారా ఏర్పడిన లంకెలదీ అదే గతి. 'రీడ్‌లింక్ -ఎఫ్' అని ముందు ఆ లంకె కొసను పట్టుకొని, తరువాత అడగాలి. ఆప్ట్-ఫైలుకు కూడా మీరు చేర్చుకున్న భాండాగారాలే లోకం. కాని ఇవి తెలిసిన హద్దులు. ఎక్కడిదాకా వెదికామో చెప్పగల "లేదు"కు విలువ ఉన్నది.

పాత టపాలను నమ్ముకోవడంలో ఉన్న ప్రమాదమూ చెప్పాలి. ఒకనాడు మనమందరం సిఫారసు చేసిన ప్యాకేజీ పేరు 'టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్'. ఆ పేరు పోయి 'ఫాంట్స్-తెలు' వచ్చింది. 2016 అక్టోబరులో ఉమ్మడి నల్లగొండ ప్రధానంగా మూడు జిల్లాలైంది. పాలమూరు నాలుగై, 2019 ఫిబ్రవరిలో నారాయణపేటతో ఐదైంది. ఊళ్ళు కదలలేదు, చిరునామాలు మారాయి. సురవరం వారి ఇటిక్యాలపాడు మహబూబ్‌నగర్ జిల్లాలోదని చదువుకున్నాం. నేడది జోగులాంబ గద్వాల జిల్లా. పేరు బట్టీ పట్టినవాడు పాత చిరునామాకే ఉత్తరం రాస్తుంటాడు, అడగడం నేర్చినవాడు ఇల్లు చేరతాడు. అందుకే ఇకమీదట ఎవరైనా ఫాంటు కావాలంటే, జిప్ లంకె ఇవ్వకుండా వెదికే ఆదేశం ఇద్దామని నా మనవి.

ఇప్పటికీ నమ్మనివారు ఒక చిన్న పరీక్ష చేయండి. 'ఆప్ట్-ఫైల్ సెర్చ్ -ఐ' అని కొట్టి, పక్కన రోమన్ లిపిలో సురవరం అని రాయండి. 'ఫాంట్స్-తెలుగువిజయం' అనే ప్యాకేజీ వస్తుంది. 354 మందిని వెదికి తెచ్చినాయన పేర అందులో ఒక ఫాంటు ఉన్నది, మీరు స్థాపించుకున్నా, స్థాపించుకోకపోయినా. ఇంకా ఏ ఫైలైనా నిజంగానే దొరకకపోతే, అప్పుడు చేయవలసిన పని ఆయన 1934లోనే చేసి చూపారు: కొత్త సంచి కట్టాలి.