దీపం చెప్పిన మాట

మా మనవడు వేసవి సెలవులకు వస్తూ వస్తూ ఒక కథల పుస్తకం వెంట తెచ్చుకున్నాడు. అట్టమీద గుమ్మడికాయంత పచ్చటి తలకాయ, దాని వెనుక పొగలు కక్కే గోపురాలు. వేరే లోకంనుంచి దిగినవాళ్ళు ఒక అణువిద్యుత్ కేంద్రంలోని ఇంజనీర్ల బుర్రల్లో దూరి కూర్చుంటారట. ఇంజనీర్లు మామూలుగానే నవ్వుతూ, మామూలుగానే కాఫీ తాగుతూ, నొక్కరాని మీటలన్నీ నొక్కేస్తుంటారట. పగలు పడీపడీ చదివాడు. రాత్రి మిద్దెమీద పక్కలు వేసుకున్నాక అసలు తంటా వచ్చింది. మా అనంతపురం వైపు వేసవి ఆకాశం మీరు చూశారో లేదో! మబ్బన్న మాట ఉండదు. (ఆ మబ్బు లేకపోవడమే మా దరిద్రం, అది వేరే కథ.) నెత్తిమీద అన్ని నక్షత్రాలు కనబడేసరికి కుర్రవాడు దుప్పటి ముసుగు తన్నాడు.

"తాతా, వాళ్ళు అక్కణ్ణుంచే మన బుర్రల్ని తిప్పగలరా?"

"పడుకునేవేళ పిల్లవాడితో ఇవేం మాటలండీ?" అని మా ఆవిడ నన్నే కసిరింది. మాట ఎత్తింది వాడు, తిట్లు నాకు.

ఒకరి శరీరంలో మరొకరి మనసు దూరడం మనకేమీ కొత్త కాదని చెప్పాను. పరకాయ ప్రవేశమని మన పెద్దలు ఏనాడో పేరు కూడా పెట్టి ఉంచారు. శంకరాచార్యులవారు అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించిన కథ చెప్పాను. అందులో నాకు నచ్చేది మంత్రుల సంగతి. చచ్చి బతికిన రాజుగారికి ఉన్నట్టుండి ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వాళ్ళకు అనుమానం పుడుతుంది. రాజు మారాడని కనిపెట్టినవాళ్ళు వాళ్ళే.

"అది పురాణం. నిజంగా ఎక్కడైనా జరిగిందా?" అన్నాడు.

జరిగిందనేవాళ్ళు ఉన్నారు. అమెరికాలోని మోంటానాలో మాల్మ్‌స్ట్రోం అనే వైమానిక స్థావరం ఉంది. 1967 మార్చి 16న అక్కడ ఒక దళానికి చెందిన పది అణుక్షిపణులూ ఒకదాని వెంట ఒకటి ప్రయోగానికి పనికిరాకుండా నిలిచిపోయాయి. ఆ రోజుల్లో ఆకాశంలో వింత వెలుగు కనబడిందని అక్కడ పనిచేసిన కొందరు చాలా ఏళ్ళ తరువాత చెప్పుకొచ్చారు. పరిశీలించిన సాంకేతికులు మాత్రం ఎలక్ట్రానిక్ సామగ్రిలోకి చొరబడిన ఒక విద్యుత్ తరంగానిదే తప్పన్నారు. ఎవరికి నచ్చింది వారు నమ్ముతున్నారు. నన్నడిగితే, అంతదూరం ప్రయాణం చేసి వచ్చినవాడు పది క్షిపణులను ఆపి, పలకరించకుండా వెళ్ళిపోతాడా అని నా సందేహం.

పైనుంచి ఏదో వచ్చి మనుషుల బుద్ధిని తిప్పేసిన ఘటన నా కళ్ళతో చూసింది ఒక్కటే ఉంది. అది 1979లో. అప్పుడు నాకు మా మనవడి వయసే. స్కైలాబ్ అనే అమెరికావారి అంతరిక్షశాల పడిపోబోతోందని రేడియోలో చెప్పారు. ఎక్కడ పడుతుందో వాళ్ళకే తెలియదన్నారు. ఇంకేముంది! తెలుగుదేశంలో ఎన్నో పల్లెల్లో మాదిరే మా ఊళ్ళోనూ అది మన నెత్తిమీదే పడుతుందని ఖాయం చేసుకున్నారు. కోళ్ళు అయిపోయాయి. మేకలు అయిపోయాయి. పదేళ్ళుగా పలకరింపుల్లేని అన్నదమ్ములు ఒకే విస్తరి దగ్గర కూర్చున్నారు. అప్పిచ్చినవాడు అడగడం మానేశాడు, తీసుకున్నవాడు సంతోషించాడు. జూలై 11న ఆ డెబ్భై ఏడు టన్నుల ఇనుము హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో మనుషులు పెద్దగా లేని చోటా పడింది. మర్నాడు మా ఊళ్ళో కూరకు కోడి లేదు. అన్నదమ్ములు మళ్ళీ గట్టు తగాదాకు దిగారు.

మేము ఆకాశంకేసి నోళ్ళు తెరుచుకుని చూసిన ఆ సంవత్సరమే, అంతకు మూడున్నర నెలల ముందు, మార్చి 28 తెల్లవారుజామున నాలుగు గంటలకు, అమెరికాలో నిజంగానే ఒక అణుకేంద్రంలో మనుషుల బుర్రలను మరొకటి పట్టుకుంది. పెన్సిల్వేనియాలో సస్క్విహానా నది మధ్య లంకలో ఉన్న ఆ కేంద్రం పేరు త్రీ మైల్ ఐలాండ్. పట్టుకున్నది ఏ గ్రహంవాడూ కాదు, ఒక చిన్న దీపం.

సంగతి ఏమిటంటే, రెండో యూనిట్‌లో నీటిని తోడే పంపులు ఆగాయి. రియాక్టరు తనంత తానే ఆగిపోయింది. అంతవరకూ సవ్యమే. లోపల ఒత్తిడి పెరిగితే ఆవిరిని వదిలేందుకు పైన ఒక కవాటం ఉంటుంది, మన కుక్కరు మీద విజిలు మాదిరి అనుకోండి. అది తెరుచుకుంది. ఒత్తిడి తగ్గాక మూసుకోవాలి. మూసుకోలేదు, బిగుసుకుపోయింది. లోపలి నీళ్ళు దానిగుండా కారిపోతూనే ఉన్నాయి. కాని కంట్రోలు రూములో ఆ కవాటానికి సంబంధించిన దీపం ఆరిపోయింది. దీపం ఆరితే కవాటం మూసుకున్నట్టని అక్కడివారి లెక్క. తీరా చూస్తే ఆ దీపానికి కవాటం సంగతే తెలియదు! 'మూసుకో' అనే ఆజ్ఞ వెళ్ళిందా లేదా అన్నంతవరకే దానికి తెలుసు. ఆజ్ఞ వెళ్ళింది, దీపం ఆరింది. కవాటం మాత్రం వినలేదు.

మొదటి కొద్ది నిమిషాల్లో వందకు పైగా హెచ్చరికలు మోగాయి, వెలిగాయి. ఏది వినాలి, ఏది మానాలి? మరో ముల్లు నీటిమట్టం పెరుగుతోందని చూపింది. నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని, ప్రమాదంలో ఆదుకోవడానికి దానంతటది వస్తున్న నీటిని వాళ్ళే తమ చేతులతో తగ్గించారు. ఎండిపోతున్న చేనుకు మడవ కట్టేసినట్టు. వాళ్ళు తాగుబోతులు కారు, తెలివితక్కువవారు కారు, శిక్షణ పొందినవారే. కవాటం బయటి గొట్టం వేడెక్కిందని ఇంకో కొలత చెబుతూనే ఉంది. ఆ కవాటం అంతకుముందునుంచీ కాస్త కారుతూ ఉండేది గనుక, ఆ వేడి మామూలేననుకున్నారు.

రెండు గంటల ఇరవై నిమిషాల పాటు ఇలాగే నడిచింది. అప్పుడు కొత్తగా డ్యూటీకి వచ్చిన ఒకాయన, రాత్రంతా ఆ దీపాల మధ్య కూర్చోనివాడు, ఇది కారుతోందేమో అన్నాడు. దాని వెనుక ఉన్న మరో కవాటాన్ని మూయించారు. అమరుకుడి మంత్రికి పుట్టినట్టే ఆయనకు అనుమానం పుట్టింది. అప్పటికే ఆలస్యమైంది. తరువాతి సంవత్సరాల్లో మూత తీసి చూస్తే లోపలి ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయి ఉంది. పైనున్న కాంక్రీటు కట్టడం గట్టిగా నిలబడింది గనుక ఊళ్ళకు పెద్ద ముప్పు తప్పింది. ఆ యూనిట్ మళ్ళీ నడవలేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మా మనవడికి నిద్ర పట్టేదే. మా బావమరిది పక్క మంచంమీద పడుకుని అంతా వింటున్నాడు. "బావా, నా కథే చెప్తాండావే!" అన్నాడు.

ఆయనది కదిరి దగ్గర పల్లె. నాలుగెకరాల్లో చీనీ మొక్కలు పెట్టాడు. మా గడ్డమీద ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన అని కాగితాలమీద ఉంటుంది. అది కూడా వేళకు పడితేగదా. ఎన్నో బోర్లు వేస్తే ఒకదాంట్లో నీళ్ళు పడ్డాయి. ఆ బోరుకు సెల్‌ఫోనుతో నడిచే స్టార్టరు బిగించుకున్నాడు. ఎక్కడున్నా ఫోను కొడితే మోటారు ఆడుతుంది, ఆడుతోందని ఫోనుకు కబురు వస్తుంది. రెండేళ్ళ క్రితం కూతురి కాన్పుకని బెంగుళూరు వెళ్ళి పద్దెనిమిది రోజులు ఉండిపోయాడు. రోజూ కరెంటు వేళకు ఫోను కొట్టడం, 'మోటారు ఆన్' అని కబురు రావడం, ఈయన మనవరాలిని ఎత్తుకుని ఆడించుకోవడం. తిరిగొచ్చి చూస్తే చీనీ ఆకులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. బోరు లోపల గొట్టం విరిగింది. మోటారు ఆడిన మాట నిజమే. తోడిన నీళ్ళు తోడినట్టే మళ్ళీ బోరులోకే పడుతున్నాయి. స్టార్టరుకు కరెంటు సంగతి తెలుసు, చేలో నీళ్ళ సంగతి తెలియదు. సగం మొక్కలు పోయాయి. అప్పు మిగిలింది.

"ఫోను ఆన్ అనె, నేనూ ఆన్ అనే అనుకుంటి," అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మా మనవడు ముసుగు తీశాడు. పిల్లలకు న్యాయశాస్త్రం బాగా తెలుసు. "ఇవి పొరపాట్లు తాతా. కావాలని చేసినవాడేడీ?" అన్నాడు.

అలాంటిదీ ఉంది. ఇరాన్‌లోని నతాంజ్‌లో యురేనియాన్ని శుద్ధి చేసేందుకు వేల గొట్టాలు బొంగరాల్లా తిరుగుతుండేవి. 2010 జూన్‌లో బెలారుస్ దేశపు ఒక చిన్న కంపెనీవారు ఒక కొత్త కంప్యూటరు పురుగును పట్టుకున్నారు. దానికి స్టక్స్‌నెట్ అని పేరు పడింది. బయటి ప్రపంచంతో తీగ సంబంధం లేని చోటికి కూడా అది చొరబడగలదు, పెన్‌డ్రైవుల్లో, అంటే ఎవరో ఒకరి జేబులో కూర్చుని. గొట్టాలను నడిపే యంత్రంలో దూరి, సెకండుకు 1,064 సార్లని ఉన్న వేగాన్ని 1,410కి పెంచేది, మరోసారి రెండుకు దించేది. గొట్టాలు విరిగేవి. అయితే దాని అసలు గడుసుతనం అది కాదు. అంతా బాగున్న రోజుల అంకెలను ముందే రాసిపెట్టుకుని, గొట్టాలు విరుగుతున్నప్పుడు కాపలావాళ్ళ తెరమీద ఆ పాత అంకెలనే చూపించేది! సుమారు వెయ్యి గొట్టాలు మార్చాల్సి వచ్చిందని అంచనా. అమెరికా, ఇజ్రాయెల్ కలిసి చేశాయని పత్రికలు రాశాయి. ఆ రెండు దేశాలూ అధికారికంగా ఒప్పుకున్నది లేదు.

"అయితే వాళ్ళ బుర్రల్లో దూరలేదు, వాళ్ళు చూసేదాంట్లో దూరారు," అన్నాడు మావాడు. పదకొండేళ్ళవాడు. నేను ఇంతసేపూ కష్టపడి చెప్పింది వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఆ వెంటనే, "మన దగ్గర ఉన్నాయా అణుకేంద్రాలు?" అని అడిగాడు.

మా పీఠభూమిమీద రియాక్టరు లేదు. కాని కదిరి దాటి పులివెందుల వైపు వెళితే తుమ్మలపల్లె వస్తుంది, కడప జిల్లాలో. అక్కడ యురేనియం గని, 2012లో మొదలైన మిల్లు ఉన్నాయి. రాతిని పిండిచేసి, సోడా ద్రావణంలో ఉడకబెట్టి పసుపుపచ్చటి పొడి తీస్తారు. చుట్టుపక్కల రైతులు బోరునీళ్ళు మారాయనీ, అరటి దెబ్బతిన్నదనీ మొరపెట్టుకున్నారు. తమ వ్యర్థాల చెరువువల్ల కాదని సంస్థ అంటుంది. ఇక్కడ కూడా కొలతకూ చేనుకూ మధ్యే తగాదా. ఆ పొడి హైదరాబాదులోని అణు ఇంధన సంస్థకు వెళుతుంది. అదే హైదరాబాదులో, 1967లో మన తెలుగువాడు అయ్యగారి సాంబశివరావుగారు నిలబెట్టిన ఇ.సి.ఐ.ఎల్. ఉంది. మన అణుకేంద్రాల కంట్రోలు రూముల సామగ్రి చాలావరకు అక్కడిదే. తిండీ మనదే, కళ్ళూ మనవే అన్నమాట.

2019లో తమిళనాడులోని కూడంకుళం కేంద్రానికి స్టక్స్‌నెట్ వంటి భయమే పట్టుకుంది. సెప్టెంబరు 4న పురుగు సంగతి అణువిద్యుత్ సంస్థకు తెలిసింది. అక్టోబరు చివర ఆ వార్త బయటికి పొక్కితే, 29న కేంద్రం అధికారి అటువంటి దాడి అసాధ్యమని ప్రకటించారు. మర్నాడే సంస్థ, పురుగు కనబడిన మాట నిజమేననీ, ఇంటర్నెట్ ఉన్న ఆఫీసు కంప్యూటరు ఒకదానిలోనేననీ, రియాక్టరును నడిపే వ్యవస్థ వేరుగా ఉండడంవల్ల దానికి ఏమీ కాలేదనీ చెప్పింది. ఏమీ కాకపోవడం మన అదృష్టం. నాకు మింగుడుపడనిది ఆ ముందురోజు ప్రకటన. దీపం ఆరింది గనుక కవాటం మూసుకున్నదన్న నమ్మకం కంట్రోలు రూముల్లోనే కాదు, ఆఫీసు గదుల్లోనూ ఉంటుంది కాబోలు.

కర్ణాటకలోని కైగా కేంద్రంలో 2009 నవంబరులో తాగే నీళ్ళ కూలరులో రేడియోధార్మిక భారజలం కలిసింది. పదుల సంఖ్యలో ఉద్యోగులు ఆ నీళ్ళు తాగారు. అది లోపలివాడెవడో కావాలని చేసిన పనేనని పెద్దలు అన్నారు. దీన్ని మాత్రం మా మనవడికి చెప్పలేదు. పచ్చ తలకాయ ఉంటే పోల్చుకోవచ్చు, పక్క బల్లదగ్గర కూర్చుని కాఫీ తాగేవాణ్ణి ఎలా పోల్చుకోవడం?

ఎప్పుడు నిద్రపోయాడో తెలియదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే పక్క ఖాళీగా ఉంది. మా బావమరిది చేలోకి పోతూ వాణ్ణీ తీసుకుపోయాడు. బెంగుళూరు నుంచి వచ్చిన నాటినుంచీ ఆయనకు అదొక అలవాటు. మోటారు ఫోనుతోనే వేస్తాడు, వేసి నడుచుకుంటూ వెళ్ళి గొట్టం దగ్గర నిలబడతాడు.

ఏడు గంటలకు మా మనవడు మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు. పుస్తకం ఎక్కడ పెట్టాడో గుర్తులేదట. ఈ వారం బోరులో నీళ్ళు రెండంగుళాలు పడుతున్నాయి, చెయ్యి అడ్డం పెట్టి తానే చూశానని వాళ్ళ అవ్వకు చెబుతున్నాడు.