చచ్చినవాడికి క్షమాభిక్ష

2012 జూన్‌లో మన రాష్ట్రపతి ఒక ఖైదీకి ప్రాణభిక్ష పెట్టారు. ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. అతను మాత్రం బెళగావి జైలు ఖైదీగా ఉండగానే, 2007 అక్టోబరులో, జబ్బుచేసి పోయాడు. మనిషి పోయిన నాలుగున్నరేళ్లకు కూడా ఢిల్లీలో అతని ఫైలు బతికే ఉంది. టేబుల్ మీంచి టేబుల్ మీదికి నడిచింది, సంతకాలు పెట్టించుకుంది. మధ్యలో ఎవరైనా ఫోనెత్తి "మీ దగ్గరున్న ఫలానా ఖైదీ ఎలా ఉన్నాడయ్యా?" అని బెళగావి జైలరును అడిగి ఉంటే చాలు, సంగతి బయటపడేది.

అతను చేసింది చిన్న నేరం కాదు, ఒక బాలికపై అత్యాచారం చేసి చంపిన కేసు. అతని మీద జాలి చూపమని నేను అడగడం లేదు. ఒక మనిషిని బతకనివ్వాలా, చంపాలా అని తేల్చే కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ మనిషి ఉన్నాడో లేడో కూడా చూసుకోరా? ఆ పిల్ల తల్లిదండ్రుల ఊసు ఎవరికైనా పట్టిందా?

రాష్ట్రపతి రబ్బరు స్టాంపు అంటూ నవ్వుకోవడం మనకు అలవాటు. క్షమాభిక్ష సంగతి అంత తేలిక కాదు. రాజ్యాంగం 72వ అధికరణ కింద ఉరిని ఆపవచ్చు, తగ్గించవచ్చు. సుప్రీంకోర్టు దోషి అని తేల్చాక కూడా రాష్ట్రపతి సాక్ష్యాలను కొత్తగా చూసుకోవచ్చని 1988లో కేహర్ సింగ్ కేసులో ఆ కోర్టే చెప్పింది. కానీ అంతకుముందే, 1980లో మారూ రామ్ కేసులో, ఇక్కడ కూడా మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలని కట్టేసింది. సలహా నచ్చకపోతే ఒకసారి వెనక్కి పంపవచ్చు. మళ్లీ అదే వస్తే సంతకం పెట్టాల్సిందే. అన్నీ పోగా ఆ కుర్చీ చేతిలో మిగిలింది కాలం ఒక్కటే. అవునూ అనకుండా, కాదూ అనకుండా ఫైలును పడుకోబెట్టవచ్చు. హోం శాఖ దగ్గరుందని రాష్ట్రపతి భవన్ వారు, భవన్‌లో ఉందని హోం శాఖ వారు. మధ్యలో ఖైదీ, ప్రతి తెల్లవారుజామున బూట్ల చప్పుడు వింటూ.

పాలకులకు అవసరమైనప్పుడు రాష్ట్రపతి కలం ఎంత చురుగ్గా కదులుతుందో చూశాం కదా! 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం పడింది, మంత్రివర్గానికి మర్నాడు పొద్దున ఆరు గంటలకు తెలిసింది. 2005 మేలో బీహార్ శాసనసభను రద్దు చేయడానికి కాగితం రాష్ట్రపతి ఉన్న మాస్కోకు ఫ్యాక్స్‌లో వెళ్లి, సంతకంతో తిరిగొచ్చింది. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తర్వాత చెప్పింది. సభను రద్దు చేయడానికి ఫ్యాక్స్ ఉంది. పార్లమెంటుపై దాడి కేసులో ఉరిశిక్ష పడ్డ అఫ్జల్ గురు ఇంటికి కబురు చెప్పడానికి మాత్రం స్పీడ్ పోస్టే దొరికింది. 2013 ఫిబ్రవరి 9న తీహార్‌లో ఉరి తీశారు, ఉత్తరం సోపోర్‌లోని భార్యకు 11న చేరింది. ఆ స్పీడుకు జోహార్లు.

మన చిలకలూరిపేటే తీసుకోండి. 1993 మార్చిలో బస్సు తగలబెట్టిన ఘటనలో 23 మంది ఆహుతయ్యారు. ఉరిశిక్ష పడ్డ ఇద్దరు యువకులు పెట్టుకున్న పిటిషన్‌ను శంకర్ దయాళ్ శర్మ కాదన్నారు. 1997లో ఉరికంబం దాకా వెళ్లిన ఇద్దరినీ ఆఖరి ఘడియల్లో కోర్టు ఆపింది. తర్వాత కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. అదే నేరం, అదే మనుషులు, ఇద్దరు రాష్ట్రపతులు. మహాశ్వేతా దేవి వంటివారు ఊరుకోకుండా తలుపులు తట్టారు గనుక బతికారు. ఎవరూ తట్టనివారి ఫైళ్ల సంగతేమిటి? మనం కూడా తక్కువేం తినలేదు. ఉరి వార్త వచ్చిన రోజు చప్పట్లో, శాపనార్థాలో, మర్నాటికి నిమ్మకు నీరెత్తినట్టు.

చివరికి 2014 జనవరిలో, శత్రుఘ్న చౌహాన్ కేసులో, సుప్రీంకోర్టు ఒక్క తీర్పుతో 15 మంది ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఎక్కువ మందికి కారణం ఏళ్ల తరబడి సాగిన ఆలస్యమే. ఇద్దరికేమో మతి చలించింది.

దీన్నుంచి ఏం నేర్చుకున్నారో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టం చూస్తే తెలుస్తుంది. ఖైదీ 30 రోజుల్లో పిటిషన్ పెట్టుకోవాలట. రాష్ట్రం అభిప్రాయం, రికార్డులు అందాక కేంద్రం 60 రోజుల్లో సిఫారసు పంపాలట. నిర్ణయం వచ్చాక 48 గంటల్లో జైలుకు తెలపాలట. రాష్ట్రపతికి మాత్రం ఒక్కరోజు గడువు కూడా రాయలేదు. పైగా ఆ నిర్ణయం ఎలా తీసుకున్నారని ఏ కోర్టూ విచారించకూడదని ఒక వాక్యం చేర్చారు. 2014లో ఆ 15 మంది బతికింది కోర్టు సరిగ్గా ఆ ప్రశ్న అడిగినందుకే.