రెండు విధముల రాజీనామాలు

ఉగాది మరునాడు కైరుప్పలలో జరుగు పిడకల సమరమును మన సీమలో నెరుగనివారు లేరు. కాళికాదేవికిని వీరభద్రస్వామికిని పెండ్లి విషయమై తగవు పుట్టెనట. ఊరు రెండు పక్షములై పిడకలు రువ్వుకొనును, దెబ్బలు తగులును, పిమ్మట రాజీ కుదిరి కల్యాణము జరుగును. ఆ కలహమునకు ముగింపు కలదు. విశ్వవిద్యాలయ పీఠములపై రాజకీయ పక్షములు సాగించు కలహమునకు ముగింపేది?

2024లో రాష్ట్ర ప్రభుత్వము మారినది. కొలది వారములలోనే పెక్కుమంది వైస్ ఛాన్సలరులు ఒకరి వెంట నొకరు రాజీనామా లిచ్చిరి. పీఠములు తాత్కాలికుల పాలయ్యెను. తామై యిచ్చిరో, తప్పక యిచ్చిరో, ఆ తర్కము మాకు వలదు. ప్రభుత్వముతో పోవు పదవి ప్రభుత్వముతో వచ్చినదే యని లోక మనుకొనుటకు తావు కలిగినది. సిగ్గుపడవలసిన దదియే.

మరియొక రాజీనామా కలదు. చిత్తూరు చెంత కట్టమంచిలో 1880లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు సంస్థానమున విద్యాశాఖ నడిపిన రామలింగారెడ్డిగారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి వైస్ ఛాన్సలరైరి. 1930లో ఉప్పు సత్యాగ్రహులపై ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా ఆ పదవిని విడిచిరి. తాను పెంచుచున్న సంస్థ పసిగుడ్డు; అయినను విడిచిరి. ఆయన లేచిన పీఠమున సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు కూర్చుండెను. పీఠము గౌరవము తగ్గలేదు, పెరిగినది.

ఆయన 1942లో సర్ బిరుదము స్వీకరింపలేదా యని కొంద రాక్షేపింతురు. స్వీకరించిరి, దేశము చెరసాలలు నింపిన సంవత్సరమున నా బిరుదము మాకును రుచింపదు. కాని 1936లో మరల పీఠమెక్కి 1949 వరకు నిలిచిన ఆ మనుజుడు పదవి కొరకు మాట మ్రింగువాడు కాడని 1930లోనే ఋజువు చేసెను. మనిషిని కొలుచునపుడు రెండు తట్టలును తూచవలెను.

ఈ చర్చతో మాకేమి పని యని ఆదోని, ఎమ్మిగనూరు వాసులు తలపరాదు. వాల్తేరు వెలుగుచుండగా దత్తమండలములు మదరాసు నీడలోనే యుండెను. అనంతపురమున కేంద్రము కావలెనని 1937 శ్రీబాగ్ ఒడంబడికలో వ్రాసికొనవలసి వచ్చెను. తిరుపతి విశ్వవిద్యాలయము 1954లో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయము 2008లో వచ్చినవి. ఇంత ఆలస్యముగా దొరికిన దానినైన సమర్థుల చేతి కీయవలదా? మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోవు కుటుంబముల బిడ్డ యొకడు కళాశాల గడప త్రొక్కుటకే ఎంత తపస్సు చేయవలెనో మన మెరుగుదుము. వానికి పరీక్ష సకాలమున జరుగవలెను, అధ్యాపకుడు దొరుకవలెను. పీఠము ఖాళీ యైనచో ఆ రెండును వెనుకబడును. ధనికుని బిడ్డ బెంగుళూరు పోవును; వీడెక్కడికి పోవును?

కావున మేము కోరునవి మూడు: ఎంపిక సంఘము పరిశీలించిన పేర్లును అర్హతలును ముందుగా ప్రజలకు ప్రకటింపవలెను. ప్రభుత్వము మారినను గడువు మారరాదు. పీఠము ఖాళీ కాకమునుపే వారసుని నిర్ణయింపవలెను.

వైస్ ఛాన్సలరు రాజీనామా యిచ్చుట తప్పు కాదు. ప్రభుత్వము తప్పు చేసినపుడు ఇయ్యవలెను. ప్రభుత్వము మారినపుడు కాదు.