గుర్తులు కదలవు, పడవే తిరుగుతుంది

మూడేళ్ల కిందట మా పెద్దాడు చెన్నైలో ఇంజనీరింగ్‌కి వెళ్తున్నప్పుడు మా ఇంట్లో జరిగిన చర్చంతా ఎంత పెద్ద పెట్టె కొనాలనే. ఇప్పుడు చిన్నది విశాఖపట్నం వెళ్లి నావల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడలు డిజైన్ చేసే చదువు, చదువుతానంటే పది రోజులుగా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినటం లేదు. "గుంటూరులో కాలేజీలు కరువా?" అని ఆయన. "ఆడపిల్లని ఆ సముద్రం పక్కన వదిలేసి వస్తారా?" అని మా అత్తయ్య. మిరప, పత్తి లెక్కలు తప్ప ఓడల సంగతి తెలియని ఇల్లు మాది.

ముందు ఊరూ హాస్టలూ చూసొద్దామని నేనూ అమ్మాయీ రాత్రి రైలెక్కాం. మా చిన్న మామయ్య పోర్టులో పనిచేసి రిటైరై అక్కడే ఉంటున్నాడు. సాయంత్రం మమ్మల్ని హార్బర్ కనపడే చోటికి తీసుకెళ్లాడు. చీకటి పడుతుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలిగింది. కింద నీళ్ల వైపు ఎర్ర దీపాలు, ఆకుపచ్చ దీపాలు. ఒక ఓడ నెమ్మదిగా లోపలికొస్తోంది.

"ఎరుపంటే ఆగమనేగా మామయ్యా, అదేంటి వచ్చేస్తోంది?" అన్నాను.

నవ్వాడు. అది రోడ్డు మీద సిగ్నల్ కాదట. సముద్రం నుంచి లోపలికొచ్చే ఓడకి ఎర్ర గుర్తు ఎడమ చేతి వైపు, ఆకుపచ్చది కుడి చేతి వైపు ఉండాలి. "ఈ రెండిటి మధ్యా లోతుంది, రా" అని దానర్థం. నీళ్ల మీద తేలే బోయాలకీ ఇదే లెక్క. ఎర్రవి పీపాల్లా పైన చదునుగా ఉంటాయి, ఆకుపచ్చవి మొనదేలి ఉంటాయి. రంగు ఆనకపోతే ఆకారాన్ని బట్టి పోల్చుకోవచ్చు. ఒకప్పుడు లోకంలో ఇలాంటి పద్ధతులు 30కి పైగా ఉండేవట. ఒక దేశంలో ఎరుపు కుడికి, ఇంకో దేశంలో ఎడమకి. 1980లో చాలా దేశాలవాళ్లు కూర్చుని వాటిని రెండింటికి కుదించారు. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లో ఎరుపు కుడివైపు, మనకీ మిగతా లోకానికీ ఎడమవైపు. ఏ రంగు ఎటుండాలన్నది పెద్ద విషయం కాదు. ఆ రేవుకొచ్చే ప్రతి ఓడకీ ఒకటే మాట చెప్పాలి, ఆ మాట రోజుకోరకంగా మారకూడదు. అదీ అసలు సంగతి.

లైట్‌హౌస్ కూడా అంతే. మన తీరంలో నిజాంపట్నం, వాడరేవు, రామాయపట్నంలో లైట్‌హౌస్‌లున్నాయి. కార్తీకమాసంలో సముద్రస్నానానికి వాడరేవు వెళ్తాం, దూరం నుంచి చూస్తాం, వచ్చేస్తాం. ఒక్కోదానికి వెలిగి ఆరే లెక్క వేరని నాకిన్నాళ్లూ తెలియదు. చీకట్లో ఆ మెరుపులు లెక్కపెట్టుకుని, ఇది ఫలానా ఊరని ఓడవాళ్లు పోల్చుకుంటారు. ఆ లెక్క తప్పితే దీపం లేకపోవటం కంటే ప్రమాదం.

అప్పుడు మా అమ్మాయి అడిగింది. "మరి బయటికెళ్లేటప్పుడు తాతయ్యా?"

"అప్పుడు ఎరుపు కుడికొస్తుంది, ఆకుపచ్చ ఎడమకి. గుర్తులు కదలవమ్మా, పడవే తిరిగింది."

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. మన ఇళ్లల్లో ఆడపిల్లకి పెట్టే గుర్తులన్నీ లోపలికొచ్చేవే కదా అనిపించింది. ఆరింటికల్లా ఇంటికి రా. ఒంటరిగా రాకు. దారిలో ఎక్కడా ఆగకు. బయటికెళ్లేటప్పుడు పనికొచ్చే గుర్తు ఒక్కటైనా పెట్టామా? తప్పు బస్సెక్కితే ఏం చెయ్యాలి, డబ్బు అయిపోతే ఎవరినడగాలి, నచ్చని మాటకి మొహం మీదే వద్దని ఎలా చెప్పాలి? ఇవన్నీ పెద్దాడు బయట తిరిగి నేర్చుకున్నాడు. వాడికి పది గంటలు, దీనికి ఆరు గంటలు. రేవులో దీపం ఒక పడవకో రంగు, ఇంకో పడవకో రంగు వెలిగితే ఆ రేవుని ఎవరు నమ్ముతారు?

బీఏ తెలుగు అయ్యాక ఎమ్మే చదువుతానంటే మా నాన్న "ఎందుకమ్మా ఇంక" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయనకి తెలిసిన గుర్తులు అవే. కానీ తెలుగులో రేవంటే పడవ దిగే చోటే కాదు, ఎక్కే చోటు కూడా. ఆడపిల్ల విషయంలో మనం ఇంటిని దిగే రేవుగానే చూస్తున్నాం.

భయం లేదనను. 1977 ఉప్పెన కబుర్లు మా అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది, సముద్రమంటే ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. నాకూ భయమే. హార్బర్ దీపాలు తుఫానుని ఆపలేవు, ఓడ వెంట వెళ్లనూ లేవు. ఉన్నచోట ఉండి, ప్రతి రాత్రీ అదే వెలుగు వెలుగుతాయి. అమ్మానాన్నలం మనం చేయగలిగిందీ అంతేనేమో.

నిన్న రాత్రి ఆయనతో అన్నాను. "ఇద్దరికీ ఒకటే గుర్తులు పెడదాం. ఎక్కడికెళ్లినా చెప్పి వెళ్లాలి. తప్పు జరిగితే ముందు మనకే ఫోన్ చెయ్యాలి. ఏ అర్ధరాత్రి చేసినా మనం తిట్టకుండా వినాలి." మూడోది పిల్లలకి కాదు, మనకి. అదే అన్నిటికంటే కష్టం. మీ ఇళ్లల్లో పిల్లలు తప్పు చేసినప్పుడు ముందు మీకే చెబుతారా? ఒకసారి ఆలోచించండి. మా ఇంట్లో చెప్పరు. అది వాళ్ల తప్పు కాదు.

సోమవారంలోపు ఫీజు కట్టాలి. ఆయన ఇంకా అవుననలేదు, కాదనీ అనలేదు. పెద్దాడికి కొన్న పెట్టెలాంటిదే అటక మీద ఇంకోటుంది. పొద్దున్నే దాన్ని కిందికి దించి దుమ్ము తుడిచాను. అత్తయ్య చూసింది. ఏమీ అనలేదు.