విత్తు నుండి విత్తు వరకు

చేతిపని ద్వారా చదువు సాగాలని 1937లో వార్ధా విద్యా సమావేశం ఆశించింది. అనకాపల్లి జిల్లాలోని పూడిమడక వంటి సముద్రతీర గ్రామంలో మొక్కల జీవితచక్రం నేర్పడానికి ఇసుకనేలే చాలు. ఇసుకలో పాతిన తాటిటెంక నుండి తేగ వస్తుంది. టెంకను చీలిస్తే తియ్యని బుర్రగుంజు దొరుకుతుంది. తాము తినే తేగ ఒక మొలక అని పిల్లలకు తెలియాలి. అయితే తాడి కాపుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఏ తరగతీ అంతకాలం ఆగదు! కనుక వేరుశనగ మేలు. దాని పసుపుపచ్చని పువ్వు నేలపైన పూస్తుంది; ఫలదీకరణం జరిగాక ఊడ నేలలోకి దిగుతుంది, దాని కొన కాయగా మారుతుంది. నాలుగు నెలలలోపే విత్తనం మళ్లీ పిల్లల చేతికి వస్తుంది. తడిదూదిలో శనగలు మొలిపించి మూడోనాడు పారవేస్తే పాఠం సగంలోనే తెగిపోతుంది. నీరు పోయడం మరచిన పిల్లవాడు తన మొక్క వాడిపోవడాన్ని కూడా చూడాలి; ఉపాధ్యాయుడు జాలిపడి రాత్రికి రాత్రి ఆ చోట మరొక మొక్కను నాటకూడదు.