మౌస్ వైరు సర్దుకోలేనివాళ్ళమా మనం?



లోవర్ హట్ సైట్లలో మనవాళ్ళ గురించి ఒక మాట నడుస్తోంది. "వీళ్ళకి పని వచ్చు, కంప్యూటర్ రాదు" అని. బయటవాళ్ళు అంటే అననీ. మనమే దాన్ని ఒప్పేసుకుని, స్మోకో టైంలో కంటైనర్ ఆఫీసులోకి వెళ్ళి కూడా కుర్చీలో కూర్చోకుండా "నువ్వే కొట్టు బ్రదర్" అని టైంషీటు పక్కోడి చేతిలో పెడుతున్నాం. ఇది మాకు నచ్చట్లేదు.

ఎందుకు కూర్చోరు అంటే చెప్పేది ఒకటే: మౌస్ మాట వినదు. బాణం గుర్తు ఒకచోట పెడితే ఇంకోచోటికి పోతుంది. మేము చూసినంతలో చాలాసార్లు లోపం చేతిది కాదు, వైరుది. టేబుల్ వెనక కిందికి వేలాడితే ఆ బరువు మౌస్‌ని లాగేస్తుంది. టేబుల్ మీదే కుప్పగా పడుంటే మెలికపడి వెనక్కి తోస్తుంది. పైగా కెటిల్ వైరు, ఛార్జర్ వైరు దానికే చుట్టుకుని ఉంటాయి.

230 వోల్టుల లీడ్లని నీళ్ళకి దూరంగా స్టాండ్ల మీద వేలాడదీసే చేతులు మనవి. 5 వోల్టుల దారం ముందు చేతులెత్తేస్తామా?

పని అయిదు నిమిషాలది. మౌస్‌ని మీవైపు ఎంత దగ్గరికి లాక్కుంటారో అంతవరకు లాగండి. ఇంకో జాన వైరు వదులు ఉంచి, టేబుల్ వెనక అంచున టేపు వెయ్యండి. మిగిలింది పెద్ద చుట్టగా చుట్టి వదులుగా కట్టండి. బైండింగ్ వైరుతో కట్టొద్దు, పైతొడుగు కోసుకుపోతుంది. మౌస్ చుట్టూ బిగించి చుట్టొద్దు, మెడ దగ్గర లోపలి తీగ తెగుతుంది. నడిచేదారికి అడ్డంగా అసలే వద్దు.

మౌస్ చేసినవాళ్ళకే ఈ తిప్పలు తప్పలేదు. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లిష్ చేసిన మొదటి మౌస్ ఒక చెక్క పెట్టె. వైరు మణికట్టు వైపు ఉండేది. అడ్డం పడుతోందని తర్వాత ముందువైపుకి మార్చారు. వాళ్ళు "మాకు రాదు" అని లేచిపోలేదు కదా!

"వైర్‌లెస్ కొంటే పోలా?" అంటారు. ఇంట్లో కొనుక్కోండి, కాదనం. పదిమంది వాడే కంటైనర్లో ఫారం సగంలో బ్యాటరీ అయిపోతుంది, గోరంత రిసీవర్ ఎవరి జేబులోకో పోతుంది. వైరు మౌస్ పెట్టినచోటే ఉంటుంది.

ఇంత గొడవ ఒక వైరు కోసమా అంటే, కాదు. మన గంటల కోసం. ఆ కుర్చీలో కూర్చున్నవాడే మన గంటలు ఎక్కిస్తాడు. శనివారం చేసిన నాలుగు గంటలు రెండుగా పడినా మనకి తెలిసేది జీతం వచ్చాకే. ఈ దేశంలో 2000 నాటి ఎంప్లాయ్‌మెంట్ రిలేషన్స్ యాక్ట్, 130వ సెక్షన్ ప్రకారం యజమాని గంటల లెక్క, జీతం లెక్క రాసి ఉంచాలి, మనం అడిగితే చూపించాలి. హక్కు కాగితం మీద ఉంది. స్క్రీన్ తెరిచి చూసుకోవడం మన పని.

సోమవారం జేబులో కాస్త టేపు వేసుకెళ్ళండి. వైరు సర్దండి, కూర్చోండి, మీ గంటలు మీరే కొట్టండి. కొత్తగా వచ్చిన తమ్ముడిని కూడా పక్కన కూర్చోబెట్టి చూపించండి. అతని గంటలు మాత్రం మీరు కొట్టొద్దు, అతని చేతే కొట్టించండి.